ఎడమ నుంచి మూడోవాణ్ణి

మనామాలో ఆగస్టు.
చల్లనీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది,
మేడ మీది ట్యాంకు పొద్దంతా ఉడికి ఉంటుంది.
గీజరు ఆపేసి వేడినీళ్ళ కుళాయి తిప్పాలి,
చల్లనివి అందులోంచే వస్తాయి.
కొత్తగా వచ్చినవాడు మొదటి ఎండాకాలంలోనే నేర్చుకుంటాడు.
నాకు వింతనిపించలేదు.
నెగెటివ్‌ల మధ్య బతికినవాణ్ణి.

అందులో ఆకాశం నలుపు,
మిట్టమధ్యాహ్నపు నీడ వెన్నెల,
అర్బాబు తొడుక్కున్న ఇస్త్రీ తోబు బొగ్గు రంగు.
సిత్రా రేవులో మాడి మాడి వచ్చిన పోశెట్టి మొహం
పాలమీగడ.

స్టూడియోలో మేకుకి ఒక కోటు ఉండేది.
నీలిది. కుడి జేబు కుట్టు ఊడింది.
వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగిస్తే ఎవడికైనా సరిపోయేది.
మెట్‌పల్లిలో, ఆర్మూరులో, కోరుట్లలో
గోడల మీద ఎంతమంది నిలబడి ఉన్నారో
ఆ ఒక్క కోటులో.

నిన్న బిర్యానీ పొట్లం తెచ్చిన పిల్లాడు
భీంగల్ దిక్కువాడు, లింబాద్రి.
అల్మారాలో రీలు డబ్బాలు చూసి అడిగాడు:
"ఇండ్ల ఏమున్నదన్నా, ఫోన్ల లేంది?"
తన ఫోను చూపించాడు. పద్నాలుగు వేల ఫోటోలు.
అన్నీ తలుపులే.
పొట్లం ముట్టిందని రుజువుకి
ఏ గడప ముందు పెడితే ఆ గడప.
తన మొహం ఎక్కడుందో వెతకడానికి
లిఫ్టు రెండుసార్లు వచ్చి పోయింది.

నాకు జవాబు తోచలేదు.
తోచింది ఒక శుక్రవారం.

తొంభై మూడు. రంజాను పండుగ దాటింది.
పాస్‌పోర్టు ఫోటోలకని తెచ్చిన రోలు ఒకటి మిగిలితే
కోటు చంకన పెట్టుకుని సిత్రా క్యాంపుకి పోయాను.
పన్నెండుమంది.
రాజన్న గడ్డం గీసుకున్నాడు, హుసేను అత్తరు పూశాడు,
ఫోటోలో వాసన రాదురా అంటే
"నాకొస్తది గద" అన్నాడు.
కోటు ఒకడి చెమటలోంచి ఇంకొకడి చెమటలోకి పోయింది.
చివరికి మంచం మీద ఆరుగురు, వెనక ఆరుగురు.
ముప్పై ఆరుసార్లు నవ్వారు.
నొక్కినప్పుడల్లా అంకె ముందుకి జరిగింది.
రీలు జరగలేదు.
దాని నాలుక పళ్ళకి పట్టలేదు.
ఎక్కించింది నేనే.

ఆ సంగతి తెలియడానికి పదకొండు రోజులు పట్టింది,
అర్బాబు పనులు ముందు, మావి వెనక.
చేపల బజారు నుంచి మంచుగడ్డ తెచ్చి
బకెట్టు చుట్టూ పేర్చి, నీళ్ళని ఇరవై డిగ్రీలకి బతిమాలి దించి,
కడిగి, బల్బుకి పట్టి చూస్తే
తేట. గాజు.
నా వేళ్ళే అవతల కనిపించాయి.

ఎండకు మాడిందని చెప్పాను.
ఎండ మీద ఏ నేరం మోపినా నమ్మే ఊరిది.
"మల్ల దిగుదాం తియ్" అన్నారు.
ఆ పన్నెండుమందీ మళ్ళీ ఒక గదిలో లేరు.
బక్కన్న వీసా అయిపోయింది. రాజన్నని వేరే సైటుకి పంపారు.

కాని ఆ పదకొండు రోజులూ
లింబాద్రీ, నీకెట్లా చెప్పను,
ఆ పదకొండు రోజులూ అందరూ బాగా పడ్డారు.
కళ్ళు మూసినవాడు లేడు. కోటు వదులైనవాడు లేడు.
సిమెంటు మూటల కింద, బస్సు కిటికీ పక్కన,
ఎవడికి వాడు తన ఫోటో చూసుకుంటూ తిరిగాడు.
పోశెట్టి ఆగలేక ఉత్తరం రాయించాడు,
రాసింది కూడా నేనే:
"ఫోటో ఎనుక వస్తున్నది. ఎడమ నుంచి మూడోవాణ్ణి నేను.
కోటు నాదే."

ఉత్తరం చేరింది.

ఇదంతా చెప్పేలోపే ఫోను మోగింది,
లింబాద్రికి జుఫైర్‌లో ఇంకో ఆర్డరు.
పొట్లం నా చేతిలో పెట్టి
అలవాటుగా గడపకేసి ఒకటి నొక్కి
మెట్లు దిగిపోయాడు.
పద్నాలుగు వేల ఒకటో తలుపు నాది.
చెయ్యి సగం పడి ఉంటుంది.