ముక్కు బేరం

పోయిన శ్రావణంలో మహేంద్రతనయ
నా జీపుకి గుక్కెడంటే గుక్కెడు నీళ్లు పట్టింది.
కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది
చింతకాయలా.
టెక్కలిలో దాలయ్య షెడ్డులో
మేకుకి ఇంకా వేలాడుతోంది అది,
వచ్చినవాళ్లందరికీ నా పేరు చెబుతూ.

"ఏటి బావూ, ముక్కెట్టించీమంతావా?"
గోనెపట్టా మీద మూడు స్నార్కెళ్లు పరిచాడు.

ఒకటి నల్లగా నిగనిగలాడుతోంది.
కన్ను పెట్టి చూస్తే అతుకు దగ్గర వెలుగు.
"పెళ్లూరేగింపుకైతే ఇదట్టుకెళ్లు."
రెండోది ఇనప గొట్టం, తనే వెల్డింగ్ చేశాడు.
కొండదారిలో కొమ్మలు కొట్టినా వంగదు గానీ
లోపల తుప్పు రాలితే
మింగాల్సింది ఇంజనే.
మూడోదాని ధర విని
నేను టీ చెప్పాను.

టీ అయ్యేసరికి
మూడోదే, మూడు వాయిదాల మీద.

నోరు ముందుకా వెనక్కా అన్నదానికి ఇంకో గంట.
ముందుకైతే గాలి బాగా వస్తుంది,
వానా బాగానే వస్తుంది.
వెనక్కే తిప్పాం.

బిగించాక స్టార్ట్ చెయ్యమని
గొట్టం నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.
గిలగిల్లాడి ఆగిపోయింది ఇంజను.
"సచ్చింది. మంచిది.
ఇంకే బొక్కనుంచీ పీల్చట్లేదు."
బతికుంటేనే భయపడాలట.

నోట్లు లెక్కపెడుతూ తలెత్తకుండా అన్నాడు:
"దీని ముక్కు టాపు మీదుంది.
ఎనక సీట్లో కూకున్నోల ముక్కులెక్కడున్నాయో
సూసుకున్నావా?"

ఇవాళ ఒడ్డున
సవర సోమారి కర్ర దింపి చూశాడు.
గాటు మునిగింది.
జీపులో ఎనిమిదిమంది, ఒక మేక.
కొత్త ముక్కు మీద వానచుక్కలు.
తాళంచెవి తీసి
జేబులో వేసుకున్నాను.