చెవీ, తూర్పూ

రాస్ లఫాన్ యార్డులో నేను టైమ్‌కీపర్ని.
తెల్లారకముందే గేటు దగ్గర కూర్చుని
చెమట కార్డులు అందుకుంటాను,
పేర్లను గంటల్లోకి మారుస్తాను.

కొత్తలో ఒక తప్పు చేశాను.
షీటులో ఒకచోట చెన్, ఒకచోట చాన్,
కింద టాన్, ఇంకా కింద ట్రాన్.
ఎవడో నిద్రమత్తులో కొట్టాడనుకుని
అన్నింటినీ చెన్ అని దిద్దాను.
నెలాఖరుకు జీతాల ఆఫీసు నుంచి ఫోను:
"ఒక్క మనిషి ఒక్క రోజులో
నలభై రెండున్నర గంటలు ఎట్లా పనిచేశాడు, ఓదెలూ?"

మధ్యాహ్నం నలుగురూ వచ్చారు నా కంటైనర్ ముందుకు.
తిడతారనుకున్నాను.
ఫూజియాన్ ముసలి వెల్డరు చెన్ నవ్వి,
పైపుల మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో
తుప్పు ప్లేటు మీద ఒక అక్షరం గీశాడు.
ఎడమన చెవి, అన్నాడు. కుడిన తూర్పు.
మా నాన్న కొట్టు బోర్డు మీద ఇదే, అన్నాడు పెనాంగ్ టాన్.
హాంకాంగ్ చాన్ మాట్లాడకుండా
చివరి గీతను కొంచెం పొడిగించాడు.
ట్రాన్‌కి ఆ రాత చదవడం రాదు.
వంగి చాలాసేపు చూశాడు.
హైఫాంగ్‌లో మా తాత సమాధి మీద ఉంది,
పిల్లప్పుడు నాచు గీకుతుంటే
వేలికి తగిలేది, అన్నాడు.

మాకు ఇంటిపేరే ముందు, అన్నాడు చెన్.
మాకూ అంతే, అన్నాను.
పెరుమాండ్ల అని చెబితే
నాలుగు నోళ్ళలో నాలుగు రకాలుగా జారింది.
వాళ్ళ తప్పేం లేదు.
అరబ్బీలో వాళ్ళ 'చ'కి
'త'నూ 'ష'నూ కలిపి కడతారు
విరిగిన చేతికి బద్దలు కట్టినట్టు.
నా 'ప'కి ఆ బద్ద కూడా దొరకలేదు.
ఐడీ కార్డు మీద నేను బిరమండల.
మా వాడలో పెరుమాండ్లోళ్ళ ఇళ్ళు పదకొండు.
బిరమండల వంశానికి
మూలపురుషుణ్ణి నేనే, ఆఖరివాణ్ణీ నేనే.

గంటలు విడదీసి మళ్ళీ రాశాను.
ముగ్గురికి పదకొండేసి.
ట్రాన్‌కి తొమ్మిదిన్నర, ఆ రోజు జ్వరం.

సాయంత్రం ఆ ప్లేటును క్రేను ఎత్తుకుపోయింది.
ఇసుక కొట్టి పెయింటు వేస్తారు,
సుద్దగీత మిగలదని నాకు తెలుసు.
అయినా గ్యాసు ట్యాంకుల పక్కన నడిచేటప్పుడు
ఇంటికి ఫోను చేస్తుంటే
గొంతు తగ్గిస్తాను.
ఏ రేకు చెవి ఒగ్గి ఉందో.