బారెడు వదులు

నలభై ఒక్క ఏళ్లు టగ్ బోటు మీద పనిచేశాను.
తాడు బిగిస్తేనే కూడు.
బొగ్గు ఓడ, కలప ఓడ, గోధుమల ఓడ,
ఏదొచ్చినా ముక్కుతాడు వేసి
లియెపాయ రేవులోకి లాక్కొచ్చేవాణ్ణి.
వదులు పడితే కెప్టెన్ తిట్లు.
మరీ బిగిస్తే
నీళ్ల మీద సన్నగా ఒక ఈల.
ఆ ఈల విన్న రోజే
ఎడ్గార్స్ మోకాలు పోయింది.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది నాలుగు మూరల పగ్గం.
దాని చివర క్వాస్.
వయసు రెండేళ్లు, బలం ఇంజనుది.
షెల్టర్ వాళ్లు కాగితం మీద రాసిచ్చారు:
"స్నేహంగా ఉంటుంది. కొంచెం లాగుతుంది."
కొంచెమట!
మొదటి రోజు లిండెన్ చెట్ల వీధి పొడవునా
నన్నే ఓడను చేసి ఈడ్చుకుపోయింది.
రొట్టెల కొట్టు ద్జింత్రా
పిండి చేతులతో గుమ్మంలోకొచ్చి
"శుభోదయం" అంది,
నాకు కాదు, దానికి.

నేను లాగాను. అది ఇంకా లాగింది.
నాకొచ్చిన విద్య అదొక్కటే,
దానికీ అదొక్కటే.

పై అంతస్తు ఉల్యానా, పదకొండేళ్ల పిల్ల,
మెట్ల మీద పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ అంది:
"అది లాగితే నువ్వు ఆగిపో తాతా.
తిట్టకు. వెనక్కి గుంజకు.
స్తంభంలా నిలబడు, అంతే.
విసుగొచ్చి తిరిగి నీ మొహం చూస్తుంది,
అప్పుడు ఒక్క అడుగు.
పగ్గం ఎట్లా ఉండాలంటే..."
పోలిక కోసం నన్ను పైనుంచి కిందికి చూసి,
"నీ పొట్టలా. కొంచెం వేలాడుతూ."

సరే, ఆగాను.
ఆగడానికి ఇంత బలం కావాలని
ఏ రేవులోనూ ఎవరూ నేర్పలేదు.
గుమ్మం నుంచి ట్రామ్ స్టాపుకు నూట ఇరవై అడుగులు,
ఆ రోజు నలభై నిమిషాలు పట్టింది.
నవంబరు గాలి చెవులు కోస్తోంది.
మూడు ట్రాములు మమ్మల్ని దాటిపోయాయి.
రెండోదాని డ్రైవరు సరదాకి గంట కొట్టాడు,
క్వాస్ ఎగిరి దూకింది,
నేను మళ్లీ స్తంభం.
జేబు నిండా ఉడికించిన కాలేయం ముక్కలు.
కోటుకు ఆ వాసన ఇంకా వదల్లేదు,
చర్చిలో నా పక్కవాళ్లు కాస్త జరిగి కూర్చుంటారు.

తెగేదాకా లాగొద్దని
విల్మా కూడా అనేది,
వేరే సందర్భంలో.
ఆ సందర్భం ఇక్కడ చెప్పను.

ఫిబ్రవరిలో ఒక పొద్దున కాలువ దాకా వెళ్లాం.
పగ్గం సంగతే మరిచిపోయాను.
చూస్తే అది మంచు మీద పడి
మా ఇద్దరి మధ్య వంకరగా ఒక గీత గీసుకుంటూ వస్తోంది.
తిరిగే వంతెన పక్కకు జరిగింది.
పాత ఎర్ర టగ్గు, దాని వెనక ధాన్యం ఓడ,
మధ్యలో తాడు నీళ్లలోంచి లేచి
చుక్కలు రాలుస్తూ
బిగిసింది.
నా భుజం దానంతటదే బిగిసింది.
పిడికిలి మూసుకుంది.
వెన్ను వెనక్కి వంగింది.

క్వాస్ ఆగిపోయింది.
మొరగలేదు, గుంజలేదు.
నాలుగు కాళ్లూ మంచులో నాటి,
స్తంభంలా,
నేను దాని మొహం చూసేదాకా
ఓపిగ్గా నిలబడింది.

చూశాను.
పిడికిలి వదిలాను.
దాని దగ్గర కాలేయం ముక్క లేదు మరి,
తోక ఒకసారి ఊపి
ఒక్క అడుగు వేసింది.