మధ్యలో ఒక ఖాళీ

శనివారం పది గంటలకి, గ్రిమ్స్‌బీ లైబ్రరీలో
రేడియేటర్ పక్క బల్ల నాది.
అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను:
"చిన్న ప్రోగ్రాములు. చిన్న చిక్కులు. ఊరికే."
ఊరికే అన్నందుకే కాబోలు, మొదటి నెలంతా
టాయిలెట్ ఎటని అడిగేవాళ్ళు తప్ప ఎవరూ ఆగలేదు.

డోరీన్ వచ్చిన రోజు వాన.
అరవై ఒకటేళ్ళు. చేపలకి పొగబెట్టే షెడ్డులో రాత్రి డ్యూటీ.
కోటు విప్పగానే ఓక్ పొట్టు వాసన
బల్లంతా పరుచుకుంది.
ల్యాప్‌టాప్ మనవడిది, మూత మీద సగం ఊడిన డైనోసార్.

పొగగది ఒక్కోదానికి నెలకో ఫైలు.
వేడి ముప్పై డిగ్రీలు దాటిన రాత్రుల్ని ఏరాలి.
ఏడాదిగా కళ్ళజోడు పెట్టుకుని తనే ఏరుతోంది,
బియ్యంలో రాళ్ళేరినట్టు.
ఆ పోలిక నాది. ఆమెకి బియ్యంలో రాళ్ళు తెలియవు.

పుస్తకం చూసి పదకొండు లైన్లు రాసుకుంది.
యంత్రానిది ఒకటే గొణుగుడు:
పొగగది అనే ఫైలు లేదు.
రెండు అనే ఫైలు లేదు.
మార్చి అనే ఫైలు లేదు.
"కళ్ళెదురుగానే ఉందిగా!" తెర మీద గోటితో కొట్టింది.
"నాది మొద్దు బుర్ర. మా ఆయన ముందే అన్నాడు."

జవాబు నాకు మొదటి చూపుకే తెలిసింది.
చెప్పేస్తే అర నిమిషం.
ఆ అర నిమిషాన్ని నాలిక కింద అణిచిపెట్టుకోవడం,
ఈ బల్ల దగ్గర నేను నేర్చుకున్న విద్యల్లా అదే.
"అది ఏం చదువుతోందో దాన్నే అడుగుదాం.
లూపు లోపల ఒక్క లైను. చదివింది చదివినట్టు చూపించమని."

చూపించింది.
ఒకదాని కింద ఒకటి, మూడు మాటలు.
డోరీన్ చాలాసేపు మాట్లాడలేదు.
రేడియేటర్ టిక్కుమంది.
"నేను పెట్టింది ఒక్క పేరు" అంది మెల్లగా,
"ఇది ముగ్గురనుకుంటోంది."

మా భాషలో మాటలు పక్కపక్కన కూచుంటే చాలు,
మధ్య అచ్చు జారిపోయి ఒకటైపోతాయని చెప్పాను.
బడిలో దాన్ని సంధి అనేవాళ్ళు,
తప్పు విడదీస్తే మార్కులు కోసేవాళ్ళు.
"దీనికి సంధి రాదు. ఖాళీ కనిపిస్తే విడదీసేయడమే."
"మరి కలిపి ఉంచాలంటే?"
అటొకటి ఇటొకటి కొటేషన్ గుర్తులు పెట్టించాను.
"గాలాల్లా ఉన్నాయి" అంది.
నిజమే. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా నాకు తట్టలేదు.

మళ్ళీ ఆ మొద్దు బుర్ర మాట అనబోతుంటే
అడ్డుపడి చెప్పేశాను, ఎవరికీ చెప్పనిది:
లీడ్స్ ఆఫీసులో, డిలీట్ కమాండులో
అక్కర్లేని చోట నా వేలు పెట్టిన ఒక్క ఖాళీ,
బిల్లుల ఫోల్డరంతా ఊడ్చుకుపోయింది.
డిస్కు పాడైందన్నాను. నమ్మారు.
"కాపీ లేదా?"
"ఉంది. గురువారం దాకా."
"శుక్రవారం?"
"శుక్రవారం పోయింది."
ఆ శుక్రవారం గురించి ఇద్దరం కాసేపు ఊరుకున్నాం.

వారం తిరిగాక, న్యూస్‌పేపర్లో చుట్టి
పొగబెట్టిన హ్యాడక్ చేప తెచ్చింది.
నేను చేప తినను. చెప్పలేదు.
బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది.

పధ్నాలుగు రాత్రులు దొరికాయిట.
పదకొండు రెండో గదివే; తలుపు రబ్బరు అరిగింది.
మేనేజరు మొదట నవ్వాడు, తర్వాత కాగితం అడిగాడు.
ప్రోగ్రాము తెరిచి చూపించింది.
నేను చెప్పని లైనొకటి ఉంది, మొట్టమొదట,
యంత్రం చదవకుండా దాటిపోయేది,
రేపు రాత్రి డ్యూటీకి వచ్చేవాళ్ళ కోసం:

# పేర్లలో ఖాళీలున్నాయి. గాలాలు తియ్యకు. — డి.