తుప్పు

ఈని పద్నాలుగో నాడు.
టార్చి వెలుగులో బొల్లి మెడ మీద
బొటనవేలితో నరం వెతుకుతున్నాను.
"పాలేమో డెయిరీకి, రగతం కాలేజీకి.
దానికేం మిగిలింది మా?" అంది కుప్పమ్మ,
టార్చి కదలకుండా పట్టుకునే.

ఐదు మిల్లీలీటర్లు. ఆకుపచ్చ మూత.
నాలుగుసార్లు గొట్టం తలకిందులు చేశాను,
జవాబు కోసం కాదు, గడ్డకట్టకుండా.

ఆమె అడిగినదానికి
నా దగ్గర ఇంగ్లీషులో పదకొండు పేజీలుంది.
ఐరాల పక్కన ఈ కొట్టంలో, తెల్లారుజాము నాలుగున్నరకి
అందులో ఒక్క ముక్కా నోటికి రాలేదు.

పొయ్యి గురించి చెప్పాను చివరికి.
లీటరు పాలు దిగాలంటే
నాలుగైదొందల లీటర్ల రక్తం పొదుగు చుట్టి రావాలి.
అంత మంట మండితే రవ్వలు లేస్తాయి.
ఆర్పే తడిగోనెలు ఒంట్లోనే ఉంటాయి, కానీ లెక్కకే.
ఈనిన కొత్తలో మంట ఎక్కువ, గోనెలు తక్కువ.
మేత సగం తింటుంది, పాలు పూర్తిగా ఇస్తుంది.
ఆర్పని రవ్వ ఎక్కడ పడితే అక్కడ కాలుస్తుంది:
కొవ్వు, కణం గోడ,
రేపటి ఎద.

కుప్పమ్మ కాసేపు ఏమీ అనలేదు.
గుంజకున్న పాత గొలుసు ఎత్తి
బొటనవేలితో రుద్ది
ఎర్రటి పొడి చూపించింది.
"ఇదా?"

ఇదే.
ఆరు నెలలు చదివాక కూడా
నాకు తట్టని మాట.

"మరి దీనికైతే చింతపండు ఉండాది.
దానికేం రుద్దేది?"

పచ్చిమేత, అన్నాను. ఖనిజ మిశ్రమం, విటమిన్ ఇ.
బోరు వైపు చూసింది ఆమె.
బోరు వైపు చూడటమంటే ఈ ఏడు
ఏమీ చూడకపోవడమే.
కొట్టంలో చెనక్కాయ కట్టె, తవుడు,
చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీ నుంచి ఆటోలో వచ్చిన
మామిడి తొక్కలు, ఈగలతో సహా.

ఆరింటికి పాలబూత్ వాడి చీటీ:
లీటర్లు తొమ్మిది, ఫ్యాటు మూడు పాయింటు ఆరు,
ధర, మొత్తం.
ఇంకేమీ ఉండదు చీటీలో,
ఇంకేమీ అమ్మకానికి రాదు గనక.

ఐస్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని తిరుపతి బస్సు.
పూతలపట్టు దాటాక కండక్టరు వంగి అడిగాడు,
"చేపలా?"
రక్తం అంటే దింపేస్తాడని
చేపలే అన్నాను.
చంద్రగిరి వరకూ పక్క సీటాయన
వాసన రావడం లేదని అనుమానంగా చూశాడు.

సాయంత్రం ల్యాబులో
వేడినీళ్ళలో గొట్టాలు మునిగాయి.
దెబ్బ ఎంతుంటే రంగు అంత.
బొల్లి గొట్టం మిగతావాటికంటే ముందు తేలింది,
లేత గులాబీ, ఆపై ముదురు గులాబీ.
ఇంత ముద్దుగా ఉండకూడదు, అనుకున్నాను,
చెడ్డ వార్త.

"ఒక్క ఆవు లెక్కలోకి రాదమ్మా," అన్నారు మా సారు.
"ఇరవై నాలుగూ రానీ."
నిజమే. ఒక్క ఆవు
లెక్కలోకి రాదు.
కుప్పమ్మకున్నది ఒక్క ఆవే.

అరవయ్యో నాడు మళ్ళీ వెళ్ళాను.
గట్టు మీది అవిశ చెట్లు గుండు చేసినట్టున్నాయి.
కొట్టం గోడ మీద బొగ్గుతో ఆమె రోజూ గీసే లీటర్ల గీతలు
వారం నుంచి పొద్దుకొకటి తగ్గాయి.
"దూడకి ఇడిసినా రవంత.
బూత్ వాడు అడిగితే ఆవునడగమన్నా."

ఆ గీతల పక్కన కొత్తగా ఒక గడి.
పైన వంకరగా, రాయడం నేర్చుకుంటున్న మనవడి చేత్తో:
తుప్పు.
కింద ఖాళీ.

"నీ మిషను ఏం చెప్పిందో రాయి మా,"
బొగ్గు నా చేతిలో పెట్టింది.

ఈ పొద్దుటి రక్తం ఇంకా తీయనే లేదు.
మొన్నటి అంకె మూడు దశాంశాల వరకూ
నాకు నోటికొచ్చు.
అది ఎక్కువో, తక్కువో,
దేనికంటే ఎక్కువో
ఈ గోడకు ఎలా చెప్పాలి?

తేదీ వేసి
చెయ్యి తుడుచుకుని
టార్చి కాస్త పైకి ఎత్తమన్నాను.