ఒత్తు పడే చోటు

చీమకుర్తి యార్డులో రాళ్ల మీద నెంబర్లేసేది నేనే.
ఎర్ర పెయింటు, మూడంగుళాల కుంచె,
బ్లాకుకి రెండు వైపులా.

స్పెయిన్ నుంచి సరుకు చూసుకోను వచ్చిన మార్తా
మొదటిరోజే సుద్దముక్క అడిగి
చుక్కల రాతి మీద వాళ్ల భాషలో రాయి అని రాసింది.
పియె. ద్ర. మధ్యలో ఒకటే గీత.
"ద్ర విరగదు" అన్నాడు దుబాసీ కుర్రాడు, ఆమె చెప్పమంటే.
మాకూ విరగదమ్మా,
క్రావడి కిందనుంచి పట్టుకునే ఉంటది.

పక్కపక్క అచ్చులు కొన్ని అతుక్కునుంటాయంట,
నెత్తిన ఏటవాలు గీత పడితే విడిపోతాయంట.
వాటం చూసి ఉలి పెట్టమని
కాలేషా మామ అనేవాడు, అట్టానే ఉంది.

మా ఒత్తు అక్షరం కింద వేలాడుద్ది.
వాళ్ల ఒత్తు గొంతులో దాక్కుని
అవసరమైతేనే అచ్చు నెత్తికెక్కుద్ది.
ఎక్కడ పడిందో నాకు వినపడలా.
మళ్లీ మళ్లీ అనిపించుకున్నా.

నా చేతిలో డబ్బా చూసి
నూమెరొ, అంది. నెంబరు.
నుమేరొ. నేను నెంబరేస్తా.
నుమెరో. అతను వేశాడు.

అవే అక్షరాలు. బరువొకటే జరిగింది,
క్రేను కింద బ్లాకు జరిగినట్టు.
నా వేళ్లు వాటంతటవే లెక్కేశాయి,
వల్లూరు హైస్కూల్లో యానాదయ్య మాస్టారు
బెంచీ మీద దరువేసి నేర్పినట్టు:
గురువు ముందుంటే భగణం,
నడుమనుంటే జగణం,
చివరుంటే సగణం.
పదో తరగతి తప్పాను గానీ ఇది తప్పలా.

మూడోనాడు పోతూ పోతూ
తుక్కు గుట్ట దగ్గర ఆగింది.
పగులుందని ఎవరూ కొనని బ్లాకు,
మీద వెలిసిన నీలం రంగులో 417,
ఏడుకి అడ్డగీత.
మేమూ ఏడుకి ఇట్టానే గీస్తాం, అని నవ్వి,
ఇది నీ చెయ్యి కాదే, అంది.

కాదు.
గొలుసు తెగిన రోజు
ఆ కుంచె ఇంకా తడిగానే ఉందని,
ఆ నీలం అయిపోయేదాకా
దాంతోనే నేను వేశానని
దుబాసీకి ఎట్టా చెప్పేది?

ను, అన్నా.
మె, అన్నా.
అక్కడ ఊపిరి చాలలా.
మార్తా అందివ్వలా. నిలబడింది.
అవతల డ్రిల్లు మోగతానే ఉంది.

రో.

దీర్ఘం కొంచెం ఎక్కువైనట్టుంది.