తరుగు

హయాషిదా గారు వెళ్తూ వెళ్తూ
గోనెసంచి ముక్కలో చుట్టి ఇచ్చిన సీసా ఇది.
మార్చి నెలంతా యార్డులో మాతో సమానంగా తుమ్మి,
తేజ ఘాటుకీ బాడిగ రంగుకీ తేడా
నా దగ్గర నేర్చుకున్న మనిషి.
బాకీ ఉంచుకోవడం ఇష్టం లేదేమో.

"ముక్కు కాలిపోయినవాడికి
సింగిల్ మాల్ట్ ఎందుకండీ" అన్నాను.
ముప్పై ఒక్క ఏళ్ళు మిర్చి కొట్లో గుమాస్తాని.
పాలు మాడితే పక్కింటివాళ్ళు కేకెయ్యాలి,
మల్లెలు పెట్టుకున్నానని మా ఆవిడ చెప్పాలి.
దుబాసీ కుర్రాడు ఎలా తిప్పి చెప్పాడో,
ఆయన తన ముక్కు ముట్టుకుని
చూపుడువేలు గాల్లో నిలబెట్టాడు:
ఆగు.

ఆదివారం. యార్డుకి సెలవు.
ఏటుకూరు రోడ్డులో మా మేడ మీద
రాత్రి పదింటికీ సిమెంటు కాలుతూనే ఉంది.
కాటా పున్నయ్య బజ్జీలతో వచ్చాడు, సోడాతో వచ్చాడు.
రెండూ మెట్ల మీదే పెట్టించాను.
గాజుగ్లాసులు ఇంట్లో రెండే,
ఎప్పుడో హార్లిక్స్ కొంటే వచ్చినవి.

పోశాను.
వరి కోతకొచ్చినప్పటి రంగు.
మా కోల్డ్ స్టోరేజీలో పన్నెండు నెలలుంటే
కాయ రంగు దిగిపోతుంది.
ఇదేమిటి, పన్నెండేళ్ళు చీకట్లో కూచుని
రంగెక్కి వచ్చింది!

మొదటిసారి వాసన చూస్తే ఆసుపత్రి.
రెండోసారి ఏమీ లేదు.
పున్నయ్య అప్పటికే గ్లాసు సగం చేసి
"క్వార్టర్ సీసా చెంపమీద కొడుతుంది గురూ,
ఇది భుజం మీద చెయ్యేసింది" అన్నాడు.
నేను ఆగాను.
దూరంగా గూడ్సు బండి, పెట్టెలన్నీ పోయేదాకా.

అప్పుడొచ్చింది.
సానమీద అప్పుడే తీసిన గంధం,
దాని వెనక పాత బీరువా తలుపు,
ఇంకా వెనక, ఎవరో నిలబడి ఉన్నట్టు,
మంచుకి తడిసి ఎండకి ఆరిన కాయ.
నాలుక మీద చెప్పులు విడిచి నడిచింది.
గొంతు దిగాక
ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

"పీపాలో ఉన్నన్నాళ్ళూ
ఏటా కొంచెం గాలిలోకి పోతుందట" అన్నాను,
దుబాసీ చెప్పింది గుర్తొచ్చి.
"దేవదూతల వాటా అంటారట దాన్ని.
ఎవరూ లెక్క అడగరట."
పున్నయ్య పొలమారేలా నవ్వాడు.
"అంటే తరుగేగా!"

తరుగే.
క్వింటాకి రెండు కిలోలు.
తేమ అని కొంత, తాలు అని కొంత,
శాంపిల్ అని గుప్పెడు, ఆ గుప్పెడు ఎవరి గుప్పిటో.
పున్నయ్య కాటా చూసి అరిచేవాడు,
నేను రాసేవాణ్ణి.
మా కొట్టు మీద ఏ దేవదూతా వాలలేదు.

వంగిపురం ఏసోబు ఒక్కడే అడిగాడు.
నలభై టిక్కీలు దింపి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ,
కోపమేమీ లేకుండా,
నిజంగా తెలుసుకుందామన్నట్టు:
"ఏ గాలి తిన్నదండీ నా ఎనభై కిలోలు?"
నేను తలెత్తలేదు. పెన్నులో సిరా ఉందో లేదో
పక్కకాగితం మీద గీసి చూసుకున్నాను.
పై ఏడు ఆయన వేరే కొట్టుకి వెళ్ళాడు.
ఆయన కాయ వాసన
ఇందాక గ్లాసులో నిలబడి ఉంది.

పున్నయ్యకి చెప్పలేదు.
వాడు మాత్రం ఏమనుకున్నాడో,
సీసా మూత తీసుకుని, అంచుదాకా పోసి,
పిట్టగోడ మీద పెట్టాడు.
చెయ్యి వణకలేదు. కాటా పట్టిన చెయ్యి.
"తరుగు" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

బజ్జీలు చల్లారిపోయాయి.
సోడా అట్లాగే ఉంది.

పొద్దున పైకెళ్ళి చూస్తే
మూత ఎండిపోయి ఉంది, అడుగున తేనెరంగు గీత.
ఒక్క చీమ లేదు చుట్టుపక్కల.
జేబులో పెన్నుంది, అలవాటు.
దేని కింద రాయను?